గడప తొక్కక ముందు

లింగంపల్లి,
3 ఫిబ్రవరి 1974

చిరంజీవి నారాయణకు,

నీ ఉత్తరం చేరింది. మొదటి పేజీలో మంచు, రెండో పేజీలో మంచు, చివర నేను కులాసాగా ఉన్నానని తలుస్తానన్న ఒక్క ముక్క. వాతావరణ కేంద్రంలో ఉద్యోగం చేస్తున్నావు కనక మంచు గురించి ప్రభుత్వానికి రాసుకో. నాకు మాత్రం ఏం తింటున్నావో, బట్టలు ఎక్కడ ఉతుక్కుంటున్నావో రాయి.

మీ ఇంటి యజమాని ఠాకూర్ గారు అక్రోటు తోట అమ్మనంటున్నారని, ఆయన అన్న కొడుకు మాధో అమ్మి తీరాలంటున్నాడని రాశావు. ఆ తగాదాలో తలదూర్చకు. అద్దెకున్నవాడివి, ఆ కొండ ఊరికి పరాయివాడివి. పోస్టాఫీసు కూడా మాధో దుకాణంలోనే ఒక గదిలో ఉందన్నావు. ఉత్తరాల్లో వాళ్ళ ఇంటి సంగతులు తగ్గించడం మంచిది.

పక్కింటి రాజయ్య గారు నిన్ను అడిగారు. కోర్టులో అమీను పని మానేశాక ఆయనకు కాలక్షేపం తక్కువైంది. మొన్న పొలం చూసుకోవడానికి రాయదుర్గం వెళ్ళి, ఆ గుట్టల మధ్య సైకిలు టైరు పగిలి, సైకిలును భుజాన వేసుకుని తిరిగొచ్చారు. "పోయేటప్పుడు నేను దాన్నెక్కిన, వాపసొచ్చేటప్పుడు అది నన్నెక్కింది పంతులమ్మా" అన్నారు. ఆయన పరిహాసాలకు నేను నవ్వనని ఆయనకు తెలుసు. అయినా మానరు.

మీ అమ్మా నాన్నా పోయిన తరవాత నిన్ను ఒక్క ఊరు దాటనివ్వలేదు నేను. ఇప్పుడు దేశం ఆ చివరన ఉన్నావు. పద్ధతిగా ఉండు.

నాయనమ్మ,
పుణ్యవతి


బాంజ్‌ఖాల్,
17 ఫిబ్రవరి

నాయనమ్మగారికి నమస్కారాలు.

ఈసారి మంచు గురించి రాయను. మా ఠాకూర్ గారు పోయారు. ఎవరో తల మీద కొట్టి చంపారు. నేను క్షేమమే, మీరు కంగారు పడకండి.

తెల్లవారుతూండగా ఉష్ణమాపకాలు చూసి రావడానికి బయలుదేరాను. కట్టెల కొట్టం పక్కన ఆయన పడి ఉన్నారు. జారిపడ్డారేమోననుకుని తల ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాను. నా చొక్కా, పంచె నెత్తురయ్యాయి. ఆయన పోయారు.

పక్కింట్లో బడి మాస్టరు గారుంటారు. ఆయన తలుపు కొట్టబోయి ఆగిపోయాను. శవాన్ని తాకిన ఒంటితో ఎవరి గడపా తొక్కకూడదు, ఎవరినీ ముట్టుకోకూడదు, ముందు కట్టుబట్టలతో తల మునగాలి అని మీరు చిన్నప్పటి నుంచీ చెప్పిన మాట నన్ను అక్కడే నిలబెట్టింది. ఇంటి దిగువన వాగుంది. అంచుల్లో గడ్డ కట్టింది. మునిగాను. పంచె పిండి, గదికి వచ్చి వేరే బట్టలు కట్టుకుని, అప్పుడు పోలీసు చౌకీకి వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి మాధో అక్కడే ఉన్నాడు. చౌకీ అధికారి దరోగా పక్కన కుంపటికి చేతులు కాచుకుంటున్నాడు. నన్ను చూసి ఇద్దరూ మాట ఆపారు. ఠాకూర్ గారు చనిపోయి ఉన్నారని చెప్పాను. దరోగా అదే హిందీలో రాసుకుని సంతకం పెట్టించుకున్నారు.

మూడు పూటలా అన్నమే తింటున్నాను. ఒంట్లో బాగానే ఉంది.

మీ
నారాయణ


లింగంపల్లి,
25 ఫిబ్రవరి

చిరంజీవి నారాయణకు,

ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ పెద్దాయన ఆత్మకు శాంతి కలగాలి. అంత భయంలోనూ నువ్వు నియమం తప్పలేదు. చదువుకున్నవాళ్ళలో ఇవాళ ఎంతమందికి ఆ నిగ్రహం ఉంది?

మిగిలినవి కూడా సక్రమంగా జరగాలి. ఆ రోజు కట్టుకున్న బట్టలు ఉతికి పెట్టెలో దాచుకుంటే కుదరదు. నెత్తురంటిన గుడ్డ ఇంట్లో ఉండకూడదు, పారే నీళ్ళలో వదిలెయ్యి. గోళ్ళు తీసుకో. జంధ్యం మార్చుకో. గదిలో నువ్వు నడిచిన మేరంతా పసుపు నీళ్ళతో కడుగు. ఆ తరవాత ఆ సంగతి ఎవరితోనూ ఎత్తకు. చెప్పినకొద్దీ మనసులో భయం నాటుకుంటుంది.

నీ ఉత్తరం చదువుతూంటే సత్తెమ్మ చీపురు పట్టుకుని వింటోంది. మూసాపేట నుంచి వచ్చి మన ఇంట్లో పని చేసేది ఆవిడే కదా, నువ్వెరుగుదువు. "మంచు గడ్డలల్ల తానమా? పోరడు బతికే ఉన్నడా అమ్మా?" అంది. బతికి ఉన్నాడు కనకే ఉత్తరం రాశాడన్నాను. "గంత చలిల ఒక్క చెంబు నెత్తి మీద చల్లుకుంటె దేవుడేమన్న తిడ్తడా?" అంది. ఆవిడతో వాదించడం నా వల్ల కాదు.

అన్నీ చేశానని మారు ఉత్తరంలో రాయి. అప్పటిదాకా నాకు నిమ్మళం ఉండదు.

నాయనమ్మ


బాంజ్‌ఖాల్ చౌకీ,
10 మార్చి

నాయనమ్మగారికి,

నేను లాకప్పులో ఉన్నాను. ఈ ఉత్తరాన్ని కూడా చదివించుకున్నాకే పంపుతారు.

మీ ఉత్తరం నా చేతికి రాలేదు. పోస్టు సంచీ విప్పేటప్పుడు మాధో దాన్ని పక్కకు తీసి దరోగాకు ఇచ్చాడు. ఇక్కడి సైనిక శిబిరంలో మనవైపు సిపాయి ఒకడున్నాడు. అతన్ని పిలిపించి నా ఎదుటే చదివించారు. నెత్తుటి బట్టలు నీళ్ళలో వదిలెయ్యి, గోళ్ళు తీసుకో, నడిచిన చోటంతా కడుగు, ఎవరితోనూ చెప్పకు. ఇది మా వాళ్ళ మైల పద్ధతి సార్ అని ఆ సిపాయి పాపం చెప్పబోయాడు. "పద్ధతులు నాకొద్దు, ఉన్నది ఉన్నట్టు చదువు" అన్నారు దరోగా.

నేనూ చెప్పాను. ఆయన అన్నదిది: "మేమూ హిందువులమే. దహనం చేసి వచ్చి స్నానం చేస్తాం. శవం ఇంకా వాకిట్లో ఉండగా, ఏ ఒక్కరికీ చెప్పకుండా, గడ్డ కట్టిన వాగులో బట్టలు పిండుకున్నవాణ్ణి నా సర్వీసులో చూడలేదు." నేను వాగులో ఉండగానే మాధో చౌకీకి వెళ్ళి, చిన్నాన్నను ఎవరో చంపారని, అద్దెకున్న మదరాసీ నెత్తురు కడుక్కుంటున్నాడని చెప్పాడట. వీళ్ళకు మనమంతా మదరాసీలమే.

పోయిన ఉత్తరంలో నేను రాసింది కొంతే. మిగతాది మేజిస్ట్రేటు ఎదుటే చెబుతాను. దయచేసి మీరు ఎవరికీ ఏమీ రాయవద్దు.

నారాయణ


లింగంపల్లి,
20 మార్చి

చిరంజీవి నారాయణకు,

ఏమీ రాయవద్దన్నావు. ముసలిదాన్ని శ్రమ పెట్టకూడదని నీ ఉద్దేశం. నువ్వు చిన్నప్పుడు జ్వరం వచ్చినా ఇలాగే దాచేవాడివి. మిగతాది అన్నది కూడా నాకు తెలుసు, ఎంత భయపడ్డావో, ఎంత ఏడ్చావో, అంతే కదా. అది దాచుకోవలసినది కాదు.

నా ఉత్తరం వల్ల నీకు కష్టం వచ్చింది. దాన్ని సరిచేయవలసింది నేనే. రాజయ్య గారిని వెంటబెట్టుకుని సిటీలో కోర్టుకు వెళ్ళి, ఇంగ్లీషులో ప్రమాణ పత్రం రాయించి, సంతకం చేసి, మీ జిల్లా మేజిస్ట్రేటు కోర్టుకు రిజిస్టరు పోస్టులో పంపాను. సారాంశం నీకూ తెలియాలి కనక రాస్తున్నాను. "మా ఇంట బతికి ఉన్న మనిషిని తాకినందుకు ఎవరూ స్నానం చేయరు. ప్రాణం పోయిన దేహాన్ని తాకితేనే చేస్తారు. నా మనుమడు స్నానానికి వెళ్ళాడు కనక ఆయన అప్పటికే మరణించి ఉన్నారు. ఆయన నోట ఒక్క మాటగానీ, ముక్కున ఒక్క ఊపిరిగానీ ఉండి ఉంటే, నేను పెంచిన పిల్లవాడు స్నానం మాట తలవకుండా వైద్యుడి కోసం పరుగెత్తేవాడు." ఇందులో ఎవరైనా తప్పు పట్టగలిగిన వాక్యం ఒక్కటి చూపించమను.

రాజయ్య గారు మాత్రం రాసేటప్పుడు గొణిగారు. "పంతులమ్మా, మీరు ఆడ లేరు. జూడని ముచ్చట కసం మీద రాస్తిమంటె జర ఆలోచన జెయ్యాలె."

"వాణ్ణి చూశాను కదా ఇన్నేళ్ళూ" అన్నాను.

"పోరణ్ణి జూసిండ్రు. పీనుగును జూళ్ళె గద."

ఆయన నలభై ఏళ్ళు కోర్టులో ఉండి అనుమానించడం నేర్చుకున్నారు. నేను అంతకాలమూ బడిలో ఉండి పిల్లలను తెలుసుకోవడం నేర్చుకున్నాను. సంతకం పెట్టాను.

ధైర్యంగా ఉండు. దొరికితే పెరుగన్నం తిను.

నాయనమ్మ


జిల్లా జైలు నుంచి, వకీలు గారి ద్వారా,
14 ఏప్రిల్

నాయనమ్మగారికి,

ఇది వకీలు గారి చేతికే ఇస్తున్నాను కనక అంతా రాయగలను.

నేను తల ఎత్తినప్పుడు ఠాకూర్ గారికి ప్రాణం ఉంది. కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టారు. "మాధో కొట్టాడు, తోట కోసం" అన్నారు. రెండోసారి మాధో అన్నారు. తరవాత మెడ వాలిపోయింది. నా ఒళ్ళోనే పోయారనుకున్నాను.

చౌకీకి వెళ్ళింది ఆ మాట చెప్పడానికే. తీరా చూస్తే మాధో దరోగా పక్కనే ఉన్నాడు. దరోగా భార్య మాధోకు చెల్లెలు వరస. చనిపోయి ఉన్నారని మాత్రం అన్నాను. మీకూ అదే రాశాను, మా ఊళ్ళో ఉత్తరం మాధో గదిలోంచే వెళుతుంది కనక. జిల్లాకు తీసుకెళ్ళాక మేజిస్ట్రేటుతో చెబుదామని ఆగాను.

చెప్పాను. చనిపోయేవాడు చివర చెప్పిన మాటకు చట్టంలో విలువ ఉందని మా వకీలు సంతోషించారు. మేజిస్ట్రేటు అంతా విని, ఫైలులోంచి ఒక కాగితం తీసి చదివారు. ఒక్క మాటగానీ, ఒక్క ఊపిరిగానీ. మీ సంతకం ఆయన నాకు దూరం నుంచే చూపించారు. నేను గుర్తుపట్టాను.

"నిన్ను పెంచిన ఆవిడ ప్రమాణం చేసి చెబుతున్నారు. నువ్వు పోలీసులకు ఇచ్చిన మాటా ఇదే. రెండు నెలలయ్యాక ఇంకో పేరు దొరికిందా?" అన్నారు.

మే పదమూడున మళ్ళీ విచారణ. ఆ తరవాత కేసు సెషన్సుకు పంపాలో వద్దో తేలుస్తారు. సెషన్సు అంటే ఏమిటో రాజయ్య గారిని అడగండి. నేను రాయలేను.

నారాయణ


లింగంపల్లి,
23 ఏప్రిల్

చిరంజీవి నారాయణకు,

సెషన్సు అంటే ఉరి దాకా వేయగల కోర్టని రాజయ్య గారు చెప్పారు. వింటూ ఉండగా సత్తెమ్మ నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది.

రెండో ప్రమాణ పత్రం పంపాను. మొదటిది నేను చూసి రాసింది కాదని, ఊహించి రాసిందని. రాజయ్య గారు ఈసారి పరిహాసమాడలేదు. "రెండు కాగితాలు పోతె ఒకదాన్నొకటి తింటయి, ఫికర్ అయితుంది. మీరే పోయి ఆ సాబు ముందట నిలవడుండ్రి" అన్నారు. అది సరైన సలహా. ఢిల్లీ మీదుగా రావడానికి మే తొమ్మిదికి టిక్కెట్టు తీసుకున్నాను. పదమూడుకు నీ ముందుంటాను.

ఒక సంగతి అడగాలి. అడగకుండా ఉండలేకపోతున్నాను. ఠాకూర్ గారు మాట్లాడారు కదా. కళ్ళు తెరిచారు కదా. మాట్లాడిన మనిషిని వదిలి వాగుకు ఎలా వెళ్ళావు? నాడి చూడలేదా? ముక్కు దగ్గర చెయ్యి పెట్టలేదా? ఇది నేను నీకు నేర్పలేదు.

జవాబు రాయి.

నాయనమ్మ


జిల్లా జైలు,
3 మే

నాయనమ్మగారికి,

నాడి చూడలేదు. మెడ వాలగానే పోయారనుకున్నాను. పోయారనుకోగానే మీ గొంతు వినబడింది. ఆయన తల నేల మీద పెట్టి లేచాను. అప్పుడు నాకు చేతనైన పని అదొక్కటే. అది ఎలా చెయ్యాలో నాకు బాగా తెలుసు.

శవపరీక్ష చేసిన డాక్టరు వాంగ్మూలం వచ్చింది. దెబ్బ తగిలాక గంటకు పైగా ప్రాణం ఉండి ఉంటుందని, స్పృహ వచ్చి పోయి ఉండవచ్చని రాశారు. వకీలుకు అది మంచి వార్త. ఠాకూర్ గారు మాట్లాడి ఉండవచ్చని రుజువవుతుంది కదా అన్నారు. నాకు అందులో మంచి ఏమీ కనబడలేదు. బడి మాస్టరు గారి తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. నేను వాగు వైపు వెళ్ళాను.

మాస్టరు గారి భార్య ఆ తెల్లవారుజామున మాధోను కట్టెల కొట్టం దగ్గర చూశారట. వకీలుకు అది ఒంటరిగా చెప్పారు. కోర్టులో చెప్పమంటే, "మీ మనిషి రేపు రైలెక్కుతాడు. నేను నీళ్ళకు ఈ వీధిలోనే వెళ్ళాలి" అన్నారు. ఆవిడను తప్పు పట్టలేను.

మీరు వస్తున్నారని వకీలు కోర్టుకు తెలియజేశారు. చలి బట్టలు తెచ్చుకోండి.

నారాయణ


లింగంపల్లి,
12 మే

చిరంజీవి నారాయణకు,

నేను ఇంకా ఇక్కడే ఉన్నాను. రైల్వే సమ్మె మొదలైంది. నా బండి రద్దయింది. రోజూ ఉదయమే స్టేషనుకు వెళుతున్నాను. పట్టాలు ఎండలో అలా పడి ఉన్నాయి. స్టేషను మాస్టరు నా పాత విద్యార్థిని భర్త. "టీచరుగారండీ, నా చేతిలో ఉంటే మిమ్మల్ని గూడ్సు బండిలోనైనా కూర్చోబెట్టి పంపించేవాణ్ణండీ. గూడ్సు కూడా లేదండీ" అన్నారు.

రాజయ్య గారు లారీల వాళ్ళను అడిగారు. నాగపూరు దాకా తీసుకెళతామన్నారు, ఆపైన తెలియదన్నారు. నేను సిద్ధపడ్డాను. ఆయన లారీ ముందు నిలబడి, "పంతులమ్మా, మీరు తొవ్వల వడిపోతె ఆ పోరనికి ఇంకెవ్వరున్నరు? జర దిగుండ్రి" అన్నారు. దిగాను. నన్ను దిగమని ఎవరైనా అంటే దిగడం నాకు అలవాటు లేదు.

కోర్టుకు తంతి కొట్టాను. అది చేరిందో లేదో చెప్పేవాళ్ళు లేరు.

రేపు పదమూడు. నీ మూడో తేదీ ఉత్తరానికి నేను జవాబు రాయవలసి ఉంది. నాలుగుసార్లు మొదలుపెట్టాను. నిన్ను తప్పు పట్టడానికి అడగలేదు అని రాయబోయాను. కానీ అందుకే అడిగాను.

నాయనమ్మ


జిల్లా జైలు,
19 మే

నాయనమ్మగారికి,

పదమూడున మీకోసం మధ్యాహ్నం దాకా ఆగారు. వకీలు సమ్మె సంగతి చెప్పారు. తంతి రాలేదు.

మేజిస్ట్రేటు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. మొదటిది ఎవరూ అడగకుండా రాసింది కనక అదే ఆవిడకు నిజంగా తెలిసినదన్నారు. రెండోది మనుమడి కథ విన్నాక రాసింది కనక ప్రేమ కొద్దీ రాసిందన్నారు. మీ మీద గౌరవంగానే మాట్లాడారు. డాక్టరు ప్రాణం ఉందన్నారు, ప్రాణం ఉంటే స్నానానికి వెళ్ళడని నాయనమ్మ అన్నారు, అయితే వెళ్ళింది మైల కడుక్కోవడానికి కాదు, నెత్తురు కడుక్కోవడానికే అని తేల్చారు.

కేసు సెషన్సుకు పంపారు. జూలైలో ఉంటుంది. మాధో వెనక బల్ల మీద కూర్చుని ఉన్నాడు. అక్రోటు తోట చెట్లు కొట్టడం మొదలైందని ఎవరితోనో చెబుతున్నాడు.

మీరు అడిగిన ప్రశ్నే మేజిస్ట్రేటూ అడిగారు, నాడి ఎందుకు చూడలేదని. మీకు రాసిన జవాబే చెప్పాను. ఆయనకు నచ్చలేదు. మీకు నచ్చిందో లేదో మీరు రాయలేదు.

నారాయణ


లింగంపల్లి,
1 జూన్

చిరంజీవి నారాయణకు,

సమ్మె విరమించారు. బళ్ళు నడుస్తున్నాయి. నిన్న పొద్దున్న మొదటి బండి కూత వినగానే రాజయ్య గారు గోడ మీద నుంచి, "వచ్చింది మీ దుష్మన్" అన్నారు. బుధవారం బయలుదేరుతున్నాను. జూలై దాకా అక్కడే ఉంటాను. జైలుకు దగ్గరలో ఒక గది చూడమని మీ వకీలు గారికి రాశాను. వంట నేనే చేసుకుంటాను, నీకు లోపలికి ఇవ్వనిస్తే నీకూ చేస్తాను.

నీ ఉత్తరంతో పాటు వకీలు గారు ఒక చీటీ పంపారు. సెషన్సు కోర్టులో ప్రభుత్వం తరఫు వకీలు నన్నే మొదట నిలబెట్టి అడుగుతాడట. రెండు ప్రమాణాలలో ఏది నిజం అని. మొదటిది నిజమంటే నువ్వు ఉరికంబానికి దగ్గరవుతావు. రెండోది నిజమంటే మొదటిదానికి నన్ను శిక్షించవచ్చు. శిక్షకు నాకు అభ్యంతరం లేదు. దానివల్ల కూడా కేసుకు ఒరిగేదేమీ లేదని, నేను అబద్ధమాడానని తేలితే ఇక నేను ఏది చెప్పినా నమ్మరని ఆయన ఆ చీటీలోనే రాశారు. ఆలోచించాను. ఏ వైపు నుంచి చూసినా దారి లేదు.

సత్తెమ్మ నా పెట్టె సర్దుతూ, "ఆడ వోయి ఏం జెప్తవమ్మా?" అని అడిగింది. నేను చలి బట్టలు అందించాను. రెండోసారి అడిగింది. ఎదురుగా కూర్చుని, నల్లబల్ల ముందు నిలబడ్డ పిల్లను నేను చూసినట్టు నన్ను చూసింది.

నీ జవాబు నచ్చిందా అని అడిగావు. నచ్చలేదు. నువ్వు రాసినది నిజం కనక నచ్చలేదు. ఆ తెల్లవారుజామున నువ్వు తలుపు కొట్టకపోవడానికి కారణం నీ మనసు కాదు, నా గొంతు. అది నాతోనే పోవలసింది, నీలో ఉండిపోయింది. దాన్ని అక్కడి నుంచి తీయడం నాకు చేతకాదు.

ఆ కొట్టం దగ్గర ఏం జరిగిందో, ఆయనకు ఊపిరి ఉందో లేదో, నువ్వు ఎందుకు లేచి వెళ్ళావో, వాళ్ళు ఎన్ని విధాల అడిగినా నేను చెప్పబోయే మాట ఒక్కటే. నాకు తెలియదు. బోనులో నిలబడి ఆ మాట అంటున్నప్పుడు నీ వైపు చూస్తాను. నన్ను చూసి తల దించుకోకు, నారాయణా.

నాయనమ్మ